ఫైలులోని మూడు అక్షరాలు: పురీషనాళ క్యాన్సర్ దశలను చదవడం ఎలా

మిర్చి అమ్మకాలు ముగిసిన కొద్ది రోజులకు మా బావ నర్సంపేట నుంచి వచ్చాడు. ప్లాస్టిక్ కవరులోంచి ఫైలు తీసి నా ముందు పెట్టి, ఇంకా కూర్చోకముందే అడిగాడు: "బామ్మర్దీ, మూడో స్టేజీ అంటే ఇగ అయిపోయినట్టేనా?" ఫైలులో ఒక కొలనోస్కోపీ ఫొటో (పెద్దపేగులోకి కెమెరా పంపి తీసేది), ఒక ముక్క పరీక్ష రిపోర్టు, ఒక ఎమ్మారై రిపోర్టు ఉన్నాయి. ఎమ్మారై కాగితం అడుగున 'సీటీ3బీ, ఎన్1, ఎమ్0' అని ఒక వరుస ఉంది. వెంట వచ్చిన మా మేనకోడలు దాన్ని చూసి, సీటీ స్కాన్ మూడుసార్లు తీయాలని రాశారేమో అనుకుంది. ఆమె తప్పేమీ లేదు. ఆ వరుసను రోగికి విడమరిచి చెప్పే తీరిక మన ఆసుపత్రుల్లో ఎవరికీ దొరకదు. 'మూడో స్టేజీ' అన్న రెండు మాటలు మాత్రం రోగి చెవిన పడతాయి, ఇంటికి వెళ్లేసరికి అవే తీర్పుగా మారిపోతాయి.

ఆ వరుసలో ప్రతి అక్షరం ఒక ప్రశ్నకు జవాబు. అది అర్థం కావాలంటే ముందు ఆ చోటు ఎలా ఉంటుందో తెలియాలి. పురీషనాళం, అంటే డాక్టర్లు రెక్టమ్ అనేది, పెద్దపేగులో మలద్వారానికి పైన ఉండే చివరి 12 నుంచి 15 సెంటీమీటర్ల భాగం. దాని గోడలో లోపలి నుంచి బయటికి వరుసగా జిగురుపొర, దాని కింద మెత్తటి పొర, ఆ తర్వాత మందమైన కండరపొర ఉంటాయి. కండరపొర బయట కొవ్వు ఉంటుంది. లింఫ్ గ్రంథులు, రక్తనాళాలు ఆ కొవ్వులోనే ఉంటాయి. ఆ కొవ్వు మొత్తాన్ని, మోదుగాకులో చుట్టిన పొట్లంలా, ఒక సన్నటి పొర కప్పి ఉంచుతుంది. ఈ కొవ్వు పొట్లం పేరు మీసోరెక్టమ్. కటిఎముకల మధ్య ఇరుకు చోట మూత్రాశయం, ప్రోస్టేట్ లేదా గర్భసంచి దీనికి ఆనుకొని ఉంటాయి. పెద్దపేగు పై భాగపు క్యాన్సర్‌తో పోలిస్తే పురీషనాళ క్యాన్సర్‌లో కనిపించే తేడాల్లో చాలావరకు ఈ ఇరుకు వల్లే వస్తాయి.

'టీ' అంటే గడ్డ గోడలో ఎంత లోతుకు దిగిందన్న లెక్క. జిగురుపొర కింది పొర వరకే ఉంటే టీ1, కండరపొరలోకి చేరితే టీ2, కండరపొరను దాటి కొవ్వులోకి పాకితే టీ3, పొత్తికడుపు లోపలి పొరను చీల్చినా పక్క అవయవాలకు అంటుకున్నా టీ4. 'ఎన్' అంటే దగ్గరలోని లింఫ్ గ్రంథులు, మన దగ్గర బిళ్లలు అనేవి. ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో క్యాన్సర్ ఉంటే ఎన్1, నాలుగు లేదా అంతకు మించితే ఎన్2. 'ఎమ్' అంటే కాలేయం, ఊపిరితిత్తులు వంటి దూరపు అవయవాలకు పాకిందా లేదా అన్నది. గ్రంథుల్లో ఏమీ లేక టీ1, టీ2 అయితే మొదటి స్టేజీ. గ్రంథుల్లో ఏమీ లేక టీ3, టీ4 అయితే రెండో స్టేజీ. గ్రంథుల్లో ఉంటే, గోడలో లోతు ఎంతైనా, మూడో స్టేజీ. దూరపు అవయవాలకు చేరితే నాలుగో స్టేజీ.

ఇలా తరగతులు వేసే తొలినాటి పద్ధతుల్లో ఒకటి పురీషనాళ క్యాన్సర్ నుంచే వచ్చింది. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పాథాలజిస్టుగా ఉన్న కత్‌బర్ట్ డ్యూక్స్, ఆపరేషన్‌లో తీసిన పేగులను కోసి పరిశీలించి, 1932లో వాటిని ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేశాడు. గోడ దాటనిది ఏ, దాటినది బీ, గ్రంథులకు చేరినది సీ. తర్వాత ఫ్రాన్సుకు చెందిన పియరీ డెనోయి 1940లలో మొదలుపెట్టిన టీఎన్‌ఎమ్ పద్ధతి చాలా రకాల క్యాన్సర్లకు వ్యాపించింది. పాత తరం సర్జన్ల నోట 'డ్యూక్స్ బీ' అన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ వినిపిస్తుంది.

ఇంతవరకు పుస్తకాల్లో దొరికేదే. చిక్కు ఆ అక్షరాల ముందు ఉండే చిన్న అక్షరంతో మొదలవుతుంది. మా మేనకోడలిని తికమక పెట్టిన 'సీ', క్లినికల్ అనే మాటకు గుర్తు. అంటే చేతి పరీక్ష, కొలనోస్కోపీ, స్కాన్‌ల ఆధారంగా వేసిన అంచనా. ఆపరేషన్ తర్వాత తీసిన పేగును మైక్రోస్కోపు కింద చూసి చెప్పేదానికి 'పీ' చేరుస్తారు. ముందుగా రేడియేషన్, కీమో ఇచ్చి ఆ తర్వాత ఆపరేషన్ చేస్తే వచ్చే రిపోర్టులో 'వైపీ' ఉంటుంది. ఒకే మనిషి ఫైలులో 'సీటీ3 ఎన్1' అనీ 'వైపీటీ1 ఎన్0' అనీ రెండూ ఉండవచ్చు. అవి ఒకదానికొకటి విరుద్ధం కావు, రెండు వేర్వేరు రోజుల్లో తీసిన లెక్కలు. 'స్టేజీ తగ్గింది' అని ఇళ్లలో సంతోషంగా చెప్పుకునేది ఈ రెండో లెక్కనే. వైద్యుల పుస్తకంలో మొదటి స్టేజీ చెరిగిపోదు, దాని పక్కనే రెండోది చేరుతుంది.

స్కాన్ చూసి వేసే 'ఎన్' అన్నిటికంటే బలహీనమైన అక్షరమని నా అభిప్రాయం. గ్రంథి పెద్దదైనంత మాత్రాన అందులో క్యాన్సర్ ఉన్నట్టు కాదు, వాపు వల్ల కూడా పెరుగుతుంది. చిన్న గ్రంథిలో కంటికి ఆనని క్యాన్సర్ దాగి ఉండవచ్చు. ఆపరేషన్ తర్వాతైనా కనీసం 12 గ్రంథులను వెతికి పరీక్షించాలన్నది నియమం. వాటి సంఖ్య తక్కువైతే 'గ్రంథుల్లో లేదు' అన్న మాటకు బలం తగ్గుతుంది. నాలుగే గ్రంథులు చూసి ఎన్0 రాసిన రిపోర్టు, పద్దెనిమిది చూసి ఎన్0 రాసిన రిపోర్టు ఒకటి కావు. అయితే ముందే రేడియేషన్ తీసుకున్నవారిలో గ్రంథులు కుంచించుకుపోతాయి గనుక వాటి సంఖ్య సహజంగానే తగ్గవచ్చు.

రెండో స్టేజీ కంటే మూడో స్టేజీ ఎప్పుడూ చెడ్డదన్న నమ్మకమూ సరైనది కాదు. గోడలో లోతుకు పోకుండా ఒకటి రెండు గ్రంథులకు మాత్రమే చేరిన టీ1, టీ2 గడ్డలు మూడో స్టేజీ ఏ కిందికి వస్తాయి. గ్రంథుల్లో ఏమీ లేకపోయినా పక్క అవయవాలకు అంటుకున్న టీ4 గడ్డ రెండో స్టేజీ సీ అవుతుంది. ఐదేళ్లు బతికేవారి లెక్క చూస్తే మూడో స్టేజీ ఏ వారే మెరుగ్గా ఉంటారు. మెట్ల వరుసలా కనిపించే అంకెల్లో ఇలా ఒక పెద్ద అంకె చిన్న అంకె కంటే మెరుగ్గా ఉండటం వింతే. అమెరికా క్యాన్సర్ కమిటీ 2018 నుంచి అమలు చేస్తున్న ఎనిమిదో కూర్పులో కూడా ఈ వింత అలాగే ఉంది.

టీ3 అన్న పెట్టె కూడా చాలా విశాలమైనది. కండరపొరను అర మిల్లీమీటరు దాటినా టీ3 అంటారు, పదహారు మిల్లీమీటర్లు దాటినా టీ3 అంటారు. జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు 2001లో ప్రచురించిన లెక్కల్లో, గోడ దాటి 5 మిల్లీమీటర్ల లోపు పాకినవారిలో సుమారు 85 శాతం మంది ఐదేళ్ల వరకు ఈ క్యాన్సర్‌కు బలికాలేదు. 5 మిల్లీమీటర్లు మించినవారిలో అలాంటివారు 54 శాతం దగ్గరే ఆగిపోయారు. ఇద్దరూ టీ3లే. అందుకే ఎమ్మారై రిపోర్టుల్లో ఇప్పుడు టీ3ను ఏ, బీ, సీ, డీలుగా విడగొడుతున్నారు. మా బావ కాగితంలోని 'బీ', ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్ల మధ్య అన్నదానికి గుర్తు. స్టేజీ అంకె కంటే ఆ ఒక్క అక్షరమే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

దాని కింది వరుస ఇంకా ముఖ్యమైనది: 'సీఆర్‌ఎమ్ 4 మి.మీ.' ఇందాక చెప్పిన కొవ్వు పొట్లం అంచుకు గడ్డ ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. 1986లో ఇంగ్లండులోని లీడ్స్‌లో ఫిలిప్ క్వర్క్ బృందం 52 మంది నుంచి తీసిన పురీషనాళాలను పైనుంచి కిందికి కాకుండా అడ్డంగా సన్నటి ముక్కలుగా కోసి చూసింది. వారిలో నాలుగింట ఒక వంతుకు పైగా రోగుల్లో పక్క అంచున క్యాన్సర్ మిగిలిపోయి ఉంది. ఆపరేషన్ తర్వాత అదే చోట గడ్డ మళ్లీ మొలకెత్తింది ఎక్కువగా వారిలోనే. అప్పటివరకు సర్జన్లు పేగు పై కోత, కింది కోతల గురించే ఆలోచించేవారు. ఆపద పక్క నుంచి వస్తోందని అప్పుడు తేలింది. అంతకు కొన్నేళ్ల ముందే, 1982లో, బేసింగ్‌స్టోక్ పట్టణంలో బిల్ హీల్డ్ అనే సర్జన్ ఆ కొవ్వు పొట్లాన్ని చిరగకుండా, పై పొరతో సహా పూర్తిగా తీసే పద్ధతిని వివరించాడు. చేత్తో తోసి ఊడదీసే పాత పద్ధతి పోయి, ఆ పొర వెంబడే కళ్లతో చూస్తూ కోసే పద్ధతి వచ్చాక, ఒకప్పుడు నూటికి ఇరవై ముప్పై మందిలో తిరగబెట్టిన గడ్డ పదిమంది లోపుకు తగ్గింది. ఒక కొత్త మందు చేయలేని పని ఇది. అంచుకు గడ్డ ఒక మిల్లీమీటరు లోపే ఉంటే అంచు తాకినట్టే లెక్క. అలాంటివారికి ముందుగా రేడియేషన్, కీమో ఇచ్చి గడ్డను వెనక్కి తగ్గించిన తర్వాతే ఆపరేషన్‌కు తీసుకువెళ్తారు.

రేడియేషన్‌ను మన పల్లెల్లో 'కరెంటు పెట్టడం' అంటారు. దాని బలం చూపిన పరీక్ష స్వీడన్‌ది. ఆపరేషన్‌కు ముందు ఐదు రోజులు, రోజుకు 5 గ్రేల చొప్పున 25 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) ఇచ్చినప్పుడు, అదే చోట తిరగబెట్టడం 27 శాతం నుంచి 11 శాతానికి తగ్గిందనీ, ఐదేళ్లు బతికినవారు 48 నుంచి 58 శాతానికి పెరిగారనీ 1997లో తేలింది. ఆ తర్వాత జర్మనీ వైద్యులు 2004లో, రేడియేషన్, కీమో కలిపి ఆపరేషన్ తర్వాత ఇచ్చేకంటే ముందే ఇస్తే అదే చోట తిరగబెట్టడం 13 నుంచి 6 శాతానికి తగ్గుతుందని చూపారు. అయితే మొత్తం బతికినవారి శాతంలో తేడా రాలేదు. చోటును కాపాడటం వేరు, మనిషిని కాపాడటం వేరు. సగటు పాఠకుడు ఈ రెండింటినీ ఒకటిగా చదువుతాడు. ఐదు రోజుల పద్ధతి కాక, ఐదు వారాలకు పైగా సాగే పద్ధతి కూడా వాడుకలో ఉంది. ఏటూరునాగారం నుంచో మహాముత్తారం నుంచో వచ్చి, తోడుగా ఒకరిని ఉంచుకొని, రోజుకూలి వదులుకొని పట్నంలో గది తీసుకొని ఉండేవాళ్లకు ఆ రెండింటి మధ్య తేడా వైద్యానిది మాత్రమే కాదు. ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయల వరకు వైద్యం దొరుకుతుంది కానీ, మధ్యలో విసిగి ఇంటికి వెళ్లిపోయిన వారానికి అది లెక్క చెప్పదు. మధ్యలో ఆపిన చికిత్స ఏ స్టేజీ పట్టికలోనూ కనిపించదు.

ఇక బతుకు లెక్కలకు వద్దాం. మా మేనకోడలు ఫోనులో వెతికి '74 శాతం' అన్న అంకె తెచ్చింది. అది అమెరికా లెక్క. అక్కడి ప్రభుత్వ రిజిస్ట్రీ పురీషనాళ క్యాన్సర్‌ను మూడు గదులుగా పంచుతుంది. పుట్టిన చోటే ఉన్నదైతే ఐదేళ్ల లెక్క సుమారు 90 శాతం, పక్కకు లేదా గ్రంథులకు పాకినదైతే 74, దూరపు అవయవాలకు చేరినదైతే 18 శాతం చుట్టుపక్కల. ఈ మూడు గదులు మన రిపోర్టులోని నాలుగు స్టేజీలకు సరిగ్గా సరిపోవు. మధ్య గదిలో పక్క కణజాలానికి పాకినవారు, ఒకే గ్రంథికి చేరినవారు, పది గ్రంథులకు చేరినవారు అందరూ కలిసి ఉంటారు. పైగా ఇది సాపేక్ష లెక్క. అదే వయసులో క్యాన్సర్ లేనివారు ఐదేళ్లు బతికే అవకాశంతో పోల్చి చెప్పేది. డెబ్బై ఏళ్ల మనిషి గుండెపోటుతో పోతే ఆ మరణం క్యాన్సర్ ఖాతాలో పడకుండా చేసే ఉపాయం అది. ఐదేళ్ల లెక్క అంటే ఐదేళ్ల కిందట, అంతకంటే ముందు చికిత్స మొదలుపెట్టినవారి లెక్క అన్నది కూడా మరచిపోకూడదు. ఈ రోజు చేరిన రోగికి దొరికే చికిత్స ఆ అంకెలో ఇంకా చేరలేదు.

స్టేజీ వారీగా లెక్కలు ఏటా మెరుగవుతున్నాయని చదివినప్పుడు ఒక మాయను గుర్తుంచుకోవాలి. బడిలో ఏ సెక్షన్, బీ సెక్షన్ ఉన్నాయనుకుందాం. ఏ సెక్షన్‌లో అందరికంటే వెనకబడిన పిల్లవాడికి 60 మార్కులు, బీ సెక్షన్ సగటు 45. ఆ పిల్లవాడిని బీలోకి మారిస్తే ఏ సగటు పెరుగుతుంది, బీ సగటు కూడా పెరుగుతుంది. ఏ పిల్లవాడికీ ఒక్క మార్కు పెరగలేదు. స్కాన్‌లు మెరుగైతే జరిగేది ఇదే. ఒకప్పుడు కనిపించని చిన్న గ్రంథి ఇప్పుడు కనిపిస్తుంది. రెండో స్టేజీలో అందరికంటే బలహీనంగా ఉండాల్సిన మనిషి మూడో స్టేజీకి మారి, అక్కడ మెరుగైనవాళ్లలో ఒకడవుతాడు. రెండు స్టేజీల లెక్కలూ బాగుపడతాయి, ఎవరి ఆయుష్షూ ఒక రోజు కూడా పెరగకుండానే. 1985లో అమెరికా వైద్యుడు అల్వన్ ఫైన్‌స్టైన్ బృందం దీనికి విల్ రోజర్స్ అనే హాస్యగాడి పేరు పెట్టింది. కాబట్టి పదేళ్ల నాటి మూడో స్టేజీని నేటి మూడో స్టేజీతో పోల్చే ముందు, ఆనాడు ఏ స్కాన్‌తో చూశారని అడగాలి.

ఒకే స్టేజీలో ఇద్దరి దారులు ఎంతగా చీలిపోతాయో చికిత్స తర్వాతే తెలుస్తుంది. రేడియేషన్, కీమో తర్వాత తీసిన పేగులో క్యాన్సర్ కణం ఒక్కటీ కనిపించకపోవడాన్ని 'వైపీటీ0 ఎన్0' అని రాస్తారు. 2010లో 3,105 మంది వివరాలను కలిపి చూసిన పరిశీలనలో ఇలా పూర్తిగా తుడిచిపెట్టుకుపోయినవారు 484 మంది. ఐదేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు వీరిలో సుమారు 83 శాతం, మిగతావారిలో సుమారు 66 శాతం. మరి పేగులో ఏమీ లేనప్పుడు దాన్ని కోయడం ఎందుకన్న ప్రశ్నను బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబర్ గామా ముందుకు తెచ్చింది. చేతి పరీక్షకూ కెమెరాకూ గడ్డ ఏ జాడా దొరకనివారిని ఆపరేషన్ లేకుండా తరచూ పరీక్షిస్తూ చూసిన ఆమె అనుభవం 2004లో అచ్చయింది. పొట్ట మీద సంచితో జీవితాంతం ఉండాల్సివస్తుందని భయపడేవారికి, ముఖ్యంగా గడ్డ మలద్వారానికి బాగా దగ్గరగా ఉన్నవారికి, ఇది పెద్ద ఆశ. అయితే ఈ దారి మొదటి రెండు మూడేళ్లు కొద్ది నెలలకొకసారి తప్పకుండా వచ్చి చూపించుకోగలిగినవారికే. కొందరిలో గడ్డ మళ్లీ మొలుస్తుంది, దాన్ని సకాలంలో పట్టుకోవాలి. బస్సు దొరకలేదనో వరికోతలనో పరీక్ష దాటేసే మనిషికి ఈ దారి నేను సూచించను.

స్టేజీలో అసలు చోటే లేని విషయాలు ఇంకొన్ని ఉన్నాయి. గడ్డ రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయిందా అన్నది ఒకటి. ఎమ్మారై రిపోర్టులో 'ఈఎమ్‌వీఐ' అని ఉంటుంది. కణాల స్వభావం మరొకటి. ఉంగరపు ఆకారంలో కణాలు కనిపించే 'సిగ్నెట్ రింగ్' రకం వేగంగా పాకుతుంది. అది మన దేశంలోని చిన్న వయసు రోగుల్లో పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువగా కనిపిస్తోందని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల అనుభవం. మూడోది ఎమ్‌ఎమ్‌ఆర్ పరీక్ష. డీఎన్‌ఏలో దొర్లే తప్పులను సరిదిద్దే యంత్రాంగం పాడైన గడ్డలు పురీషనాళ క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది ఉంటాయి. న్యూయార్క్‌లో అలాంటి 12 మందికి డోస్టార్లిమాబ్ అనే మందు మాత్రమే ఇస్తే అందరిలోనూ గడ్డ కనిపించకుండా పోయిందన్న సంగతి 2022లో వెలువడింది. వారిలో చాలామంది గ్రంథులకు పాకిన మూడో స్టేజీవారే. నాలుగో స్టేజీ మాటను కూడా ఇదే జాగ్రత్తతో వినాలి. కాలేయంలో ఒకటి రెండు గడ్డలే ఉండి, వాటిని కోసి తీయగలిగినప్పుడు, అలా ఎంపికైన రోగుల్లో ఐదేళ్లు బతికేవారు దాదాపు 40 శాతం. పురీషనాళం కింది భాగం నుంచి వచ్చే రక్తం కాలేయాన్ని తాకకుండానే నేరుగా గుండె దారి పట్టగలదు కనుక, ఈ క్యాన్సర్ కొందరిలో కాలేయాన్ని వదిలి ఊపిరితిత్తుల్లోనే ముందు కనిపిస్తుంది. అందుకే ఛాతీ స్కాన్ కూడా తీస్తారు.

మా బావ విషయంలో ఇవన్నీ చెప్పుకునే ముందు జరగాల్సింది ఒకటి జరగలేదు. మలంలో రక్తం పడటం మొదలై ఏడాది దాటింది. వేడి చేసిందని మజ్జిగ తాగాడు, మిర్చి మానేశాడు, 'ఆపరేషన్ లేకుండా మొలలు మాయం' అన్న గోడరాత చూసి ఒకచోట పసరు మందు వాడాడు. ఆ తర్వాత చూపించుకున్న ఇద్దరు డాక్టర్లు కూడా మొలలనే రాశారు, ఒక్కరూ వేలితో పరీక్షించలేదు. మలద్వారం నుంచి ఏడు సెంటీమీటర్ల దూరంలో ఉన్న గడ్డ అది, చాలామందిలో వేలికి తగిలే ఎత్తు. మొలల రక్తం సాధారణంగా మలం తర్వాత చుక్కలుగా పడుతుంది. రక్తం మలంతో కలిసి రావడం, విరేచనం అయినా ఇంకా మిగిలిందన్న భావన, రోజువారీ అలవాటు మారడం, జిగురు పడటం ఉంటే అది మొలలేనని తేల్చే ముందు లోపల చూడాలి. వరంగల్ ఎంజీఎమ్ ఆసుపత్రికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవారిలో ఎంతమంది ఇలాంటి ఏడాదిని దాటి వస్తారో అక్కడి అవుట్‌పేషెంట్ వరుసలో నిలబడితే తెలుస్తుంది.

ఆ సాయంత్రం బావకు నేను చెప్పింది ఇంతే. కాగితంలో గడ్డ గోడను కొద్దిగానే దాటింది, అంచుకు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉంది, రక్తనాళాల్లోకి చొరబడలేదు, దూరం పోలేదు. గ్రంథుల మాట ఇంకా అనుమానమే. 74 అన్న అంకె నీది కాదు, నీలాంటి వేలమంది సగటు. అందులో ఏ వైపు పడతావో మొదటి లెక్క చెప్పదు, చికిత్స తర్వాత వచ్చే రెండో లెక్క కొంత చెబుతుంది. ఆ తర్వాత గడిచే ప్రతి ఏడాదీ ఇంకొంత చెబుతుంది, ఎందుకంటే తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి, రెండేళ్లు దాటిన మనిషి ముందున్న అంకె మొదటి రోజు అంకె కంటే మెరుగ్గా ఉంటుంది. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మేనకోడలి చేతిలోంచి పెన్ను తీసుకొని, ఎమ్మారై కాగితం మీద '4 మి.మీ.' చుట్టూ గుండ్రంగా గీత గీసి, ఫైలు మూసి, హైదరాబాద్‌కు పొద్దున ఏ బండి ఉందని అడిగాడు.